ఓడ నెత్తిన తిరిగే బద్ద

మొన్నాదివారం పొద్దున్నే వాకింగ్‌కని మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు అక్కయ్యగారు గుమ్మంలోనే పట్టేసుకున్నారు. చేతిలో ఫోను. రాత్రంతా నిద్రలేదని మొహమే చెబుతోంది.

"తమ్మీ, జర ఈ ఫొటో చూడు" అన్నారు.

చూశాను. వాళ్లబ్బాయే. నారింజ రంగు ఓవరాల్, నెత్తిన హెల్మెట్, భుజాల మీదుగా బెల్టులు. వెనకాల ఆకాశం తప్ప ఇంకేం లేదు. ఓ మూల చిన్న నీలం ముక్క కనిపిస్తోంది, అది సముద్రమట. తల పక్కనే తెల్లటి పొడుగాటి బద్ద అడ్డంగా ఉంది. కుర్రాడు మాత్రం పెళ్లిలో ఫొటో దిగినంత హాయిగా నవ్వుతున్నాడు.

"నాకు చెప్పకుంట చెల్లెకు పంపిండు. అది నోరు జారింది. ఇంజనీరింగ్ చదివిపిచ్చింది గిట్ల స్తంభాలు ఎక్కనీకేనా? అది గిర్రున తిరుగుతదట కద! తల్గితే?"

పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయని మా అపార్ట్‌మెంటులో ఓ నమ్మకం. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, మనవడికి సీటు రాకపోయినా నా తలుపే తడతారు. ఓడల గురించి నాకు తెలిసిందల్లా హుస్సేన్‌సాగర్ లాంచీ వరకే. కానీ ఎవరినడగాలో తెలుసు. ఫొటో నా ఫోనుకి పంపించుకుని బయటపడ్డాను.

తార్నాక నుంచి యూనివర్సిటీలోకి పొద్దున నడిచివెళ్లే వాళ్లలో ఎన్ని రకాలవాళ్లు ఉంటారో! రైల్వేల్లో రిటైరైనవాళ్లు, ల్యాబుల్లో సైంటిస్టులు, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్ల కింద కూర్చునే మా బృందంలో ఓ పెద్దాయనున్నారు. ఆయన్ని మేమంతా 'మార్కోనీ సాబ్' అంటాం. మేం పెట్టిన పేరు కాదది. ఓడల మీద మన కలాసీలు రేడియో ఆఫీసరుని అలాగే పిలిచేవారట. డెబ్బై అయిదు దాటాయి. పుట్టి పెరిగింది విశాఖపట్నంలో, సింధియా దగ్గర. వాళ్ల నాన్నగారు షిప్‌యార్డులో కలాసీ. 1948 మార్చి 14న నెహ్రూగారొచ్చి 'జల ఉష' ఓడని నీళ్లలోకి దింపినప్పుడు ఆయన అక్కడే ఉన్నారట. ఇది మార్కోనీ సాబ్ వారానికోసారైనా చెబుతారు. మేం ప్రతిసారీ కొత్తగా వింటాం.

ఈయన డెబ్బైల్లో ఓడెక్కి టకటకా మోర్సు కొట్టారు. 1999 ఫిబ్రవరి 1 నుంచి ప్రపంచమంతా ఉపగ్రహాల పద్ధతి పూర్తిగా అమల్లోకొచ్చి మోర్సుకి సెలవిచ్చేశారు. దాంతో రేడియో ఆఫీసర్ల ఉద్యోగాలూ పోయాయి. ఈయన ఒడ్డుకొచ్చి, వచ్చిన ఓడల రాడార్లు బాగుచేయడం, కొత్తవి బిగించడం మొదలుపెట్టారు. పన్నెండేళ్లు అదే పని. తర్వాత కూతురి దగ్గరికి తార్నాక వచ్చేశారు. సముద్రం మూడొందల కిలోమీటర్లకు పైనే దూరమున్న ఊళ్లో! తార్ నాకా అంటే తీగ కంచె దగ్గరి చెక్‌పోస్టని, నిజాం కాలంలో పడ్డ పేరని ఇక్కడ చెప్పుకుంటారు. "జీవితమంతా తీగలతోనే, చివరికి ఊరు కూడా తీగదే దొరికింది" అని నవ్వుతారాయన.

ఫోను చేతికిచ్చాను. కళ్లజోడు పైకి నెట్టి, ఫొటో పెద్దది చేసి, కుర్రాడి మొహం కేసి చూడనేలేదు. బద్దనే చూశారు.

"ఎక్స్ బ్యాండ్. ఎనిమిదడుగులది. కొత్తగా బిగించినట్టున్నారు, బోల్టుల మీద ఇంకా రంగు పడలేదు" అన్నారు. తర్వాత కుర్రాడి నడుము దగ్గర వేలుపెట్టి, "బెల్టు కొక్కెం ఇక్కడ దేనికి తగిలించాడో కనపడటం లేదే" అని గొణిగారు. ఈ మాట మాత్రం అక్కయ్యగారికి చెప్పకూడదనుకున్నాను.

"అసలేమిటండీ ఆ బద్ద?" అన్నాను.

"బద్ద కాదు, గొట్టం" అన్నారు. "లోపల ఖాళీ గొట్టం. దానికి వరసగా సన్నటి చీలికలు కోసుంటాయి. పిల్లనగ్రోవికి కన్నాలున్నట్టు. ఒక్కో చీలికలోంచీ కాస్తకాస్తగా తరంగం బయటికొస్తుంది. అన్నీ కలిసి ముందుకి వెళ్లేసరికి సన్నటి బాకులాంటి కిరణమవుతుంది. బద్ద ఎంత పొడుగుంటే కిరణం అంత సన్నం. ఎనిమిదడుగుల దానికి ఒక డిగ్రీ."

ఒక డిగ్రీ అంటే సన్నమేననుకున్నాను. ఆయన చెట్టు పుల్లతో మట్టిలో లెక్కేశారు. పది కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే 175 మీటర్లు. ఆ వెడల్పులో రెండు పడవలు పక్కపక్కనుంటే తెరమీద ఒకటే చుక్క కింద కనపడతాయి.

ఈ గొట్టం మనకి తెలియనిదేం కాదట. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివిన ఎవరినైనా అడగండి. మైక్రోవేవ్ ల్యాబులో బల్లమీద ఇత్తడి గొట్టాలు ఒకదానికొకటి బిగించి, మీటరు ముల్లు చూసి రికార్డులో అంకెలు రాసుకున్న జ్ఞాపకం ఉంటుంది. అరచేతి వెడల్పు కూడా లేని దీర్ఘచతురస్రపు గొట్టం. సరిగ్గా చెప్పాలంటే లోపలి కొలత అంగుళంలో తొమ్మిది పాళ్లు ఒకవైపు, నాలుగు పాళ్లు ఇంకోవైపు. పదికి అన్నమాట. అదీ ఎక్స్ బ్యాండే, ఓడ మీదిదీ ఎక్స్ బ్యాండే. తరంగం పొడుగు మూడు సెంటీమీటర్ల చిల్లర. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ మేం కూర్చున్న చోటికి నడిచివెళ్లేంత దూరం. నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ మీద ప్రత్యేకంగా పరిశోధన, శిక్షణ విభాగం కూడా ఇదే క్యాంపస్‌లో ఉంది. మా అక్కయ్యగారబ్బాయి రికార్డు రాసింది ఈ చదువులోనే. ల్యాబులో బల్లమీదున్న గొట్టమే పాతిక మీటర్ల ఎత్తున స్తంభమెక్కి కూర్చుంది, అంతే.

"నాలుగు నెలల కోర్సు చేసి ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు ట్రైనీగా వెళ్లాడండీ" అన్నాను.

"మా ఉద్యోగం పీకేసి, మళ్లీ ఇంకో పేరుతో పెట్టారు" అన్నారు. నిజమే. 2010లో మనీలాలో ఒప్పందాలు సవరించినప్పుడు ఈ ఆఫీసరు పదవికి అంతర్జాతీయంగా గుర్తింపొచ్చింది. ఓడలో కరెంటుతో నడిచేదేదైనా, వంటగది ఫ్రిజ్ దగ్గర్నుంచి రాడార్ దాకా, ఇప్పుడతని నెత్తినే.

రాడార్ పుట్టుక కథ చాలామందికి యుద్ధంతోనే మొదలవుతుంది. అసలు మొదటి ఆలోచన ఓడల కోసమే వచ్చింది. క్రిస్టియన్ హుల్స్‌మయర్ అనే జర్మన్ కుర్రాడు 1904లో కొలోన్ నగరంలో రైన్ నది వంతెన దగ్గర నిలబడి, వచ్చే పడవను రేడియో తరంగాలతో పసిగట్టి గంట మోగించి చూపించాడు. పొగమంచులో ఓడలు గుద్దుకోకుండా ఉండాలన్నదే అతని తాపత్రయం. ఎవరూ కొనలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందే కలకత్తాలో మన జగదీశ్ చంద్రబోస్ చాలా చిన్న తరంగాలను గోడల్లోంచి పంపి అవతల గంట మోగించారు. ఆ తర్వాత 1940లో బర్మింగ్‌హామ్‌లో తయారైన మాగ్నెట్రాన్‌తో రాడార్ ఓడ స్తంభం మీదికి ఎక్కగలిగేంత చిన్నదైంది. ఆ మాగ్నెట్రాన్ చుట్టమే ఇప్పుడు మన వంటింట్లో ఓవెన్‌లో కూర్చుని నిన్నటి పప్పు వేడిచేస్తోంది.

ఓవెన్ మాట ఎత్తగానే నాకు అక్కయ్యగారి రెండో భయం గుర్తొచ్చింది. "ఆ కిరణాలు తగిలితే మనిషికేమవుతుంది?"

"ఓడ రాడార్ ఒక్కో దెబ్బకి పాతిక కిలోవాట్లు కొడుతుంది. కానీ ఆ దెబ్బ సెకనులో పదిలక్షలో వంతు కూడా సరిగ్గా ఉండదు. సగటు తీస్తే మీ ఇంట్లో ఎల్ఈడీ బల్బంత. డెక్కు మీద నడిచేవాడికి ఏమీ కాదు. కానీ బద్ద ఎదురుగా, మూరెడు దూరంలో మొహం పెట్టుకుని నిలబడితే మంచిది కాదు. ముఖ్యంగా కళ్లకి. అందుకే పైకెక్కేటప్పుడు కట్టేసి ఎక్కాలి." ఆ మాట దగ్గర ఆయన కాస్త ఆగారు. తర్వాత చెబుతానన్నట్టు చెయ్యూపారు.

"అసలు బిగించడమంటే బోల్టులు తిప్పడం అనుకుంటారు" అని అందుకున్నారు. "సగం పని ఎక్కడ పెట్టాలన్నదే. ఎత్తు పెరిగితే దూరం కనపడుతుంది. కానీ నాలుగింతలు ఎత్తుకెళితే చూపు రెండింతలే పెరుగుతుంది. పాతిక మీటర్ల మీద పెడితే పదకొండు నాటికల్ మైళ్లు, అంటే ఇరవై కిలోమీటర్లకి సముద్రం వంపు అడ్డొస్తుంది. సరే కదాని మరీ పైకి పెడితే, ఓడ పక్కనే ఉన్న చిన్న పడవ కిరణం కిందినుంచి తప్పించుకుపోతుంది. అలల తుంపర గోలా ఎక్కువవుతుంది."

పొగగొట్టం దగ్గర పెట్టకూడదు, వేడికీ మసికీ పాడవుతుంది. రేడియో యాంటెన్నాలకు ఆనుకుని పెట్టకూడదు. ఊగే చోట పెట్టకూడదు. అన్నిటికంటే పెద్ద చిక్కు నీడ. ఓడమీద పొగగొట్టం ఉంటుంది, క్రేన్లుంటాయి, ఇంకో స్తంభముంటుంది. కిరణానికి ఏది అడ్డొచ్చినా దాని వెనక తెర నల్లగా, ఖాళీగా ఉంటుంది. ఖాళీ సముద్రం కూడా అలాగే ఉంటుంది కదా! చూసేవాడికి తేడా తెలియదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు దీనికి లెక్క పెట్టాయి. ఎదుటి నుంచి రెండు పక్కలా, భుజం దాటి వెనక్కి మరో ఇరవై రెండున్నర డిగ్రీల దాకా నీడ ఉండకూడదు. ఆ వెనకున్న మిగతా భాగంలో ఒక్కో నీడ అయిదు డిగ్రీలు మించకూడదు, అన్నీ కలిపి ఇరవై మించకూడదు. మూడువేల టన్నులు దాటిన ఓడలకు రెండు రాడార్లు ఎలాగూ తప్పనిసరి. ఒకటి మూడు సెంటీమీటర్లది, రెండోది సాధారణంగా పది సెంటీమీటర్లది. మొదటిది చిన్న వస్తువుల్ని బాగా పడుతుంది కానీ జోరువానలో తడబడుతుంది, రెండోది వానలోంచి చూస్తుంది. ఆ రెండిట్నీ ఒకదాని నీడని ఇంకోటి చూసుకునేలా వేరువేరు చోట్ల పెట్టాలి. అత్తాకోడళ్లిద్దరూ ఒకే కిటికీలోంచి చూస్తే వీధిలో దొంగ ఎటుపోయాడో తెలుస్తుందా?

పోలిక ఆయనదే, నాది కాదు.

"ఓసారేమైందో తెలుసా" అన్నారు. అది ఆయన ఒడ్డుకొచ్చాక జరిగిన సంగతి. ఓ సరుకు ఓడకి రాడార్ బద్ధంగా బిగించారు. నీడల పటం గీసి బ్రిడ్జిలో అంటించారు. ఆర్నెల్ల తర్వాత అదే ఓడ మళ్లీ వచ్చింది. కెప్టెన్ కిందికి కూడా దిగకుండా ఈయన కోసం కబురుపెట్టాడు. ఈ మధ్యలో సిబ్బంది టీవీ చూసుకోవడానికని ఎవరో పెద్ద గుండ్రటి డోము తెచ్చి, ఖాళీగా ఉంది కదాని రాడార్ పక్కన, అంతే ఎత్తులో బిగించేశారు. పటం ఎవరూ మార్చలేదు. కాకినాడ దాటాక రాత్రిపూట, తెరమీద ఏమీలేని చోటునుంచి ఓ నాటు పడవ వచ్చింది. అందులో మనిషి లేచి నిలబడి టార్చిలైటు ఊపుతున్నాడు. బ్రిడ్జి రెక్కమీద సిగరెట్టు కాల్చుకుంటున్న నావికుడు ఆ వెలుతురు చూసి కేకేశాడు కాబట్టి సరిపోయింది.

"సిగరెట్టు మంచిదని ఎప్పుడూ అనను. ఆ ఒక్క రాత్రికి తప్ప" అన్నారు సాబ్.

మర్నాడు డోము ఊడదీయించి పదడుగులు కిందికి దింపించారట. సిబ్బంది ఈయన మొహం చూడలేదు. వాళ్లకి క్రికెట్ మ్యాచ్ పోయింది మరి.

మన తీరంలో ఈ సంగతికి బరువెక్కువ. తెప్పలు, నాటు పడవలు, ఫైబర్ పడవలు రాడార్‌కి సరిగా ఆనవు. ఇనుము తరంగాన్ని తిప్పికొట్టినట్టు కొయ్య కొట్టదు. పైగా అవి నీళ్లకి జానెడు పైన ఉంటాయి, అలకీ పడవకీ తేడా తెలియదు. 2012 మార్చి 1న కేరళ తీరంలో ఓ సరుకు ఓడ చేపల పడవను గుద్దిన ఘటనలో మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి కారణం నీడేనని నేననడం లేదు. రాడార్ ఉండగానే ఓడలు గుద్దుకున్న కథలు చాలా ఉన్నాయి. 1956 జులై 25 రాత్రి అమెరికా తీరంలో పొగమంచులో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొని 51 మంది పోయారు. రెండిటి మీదా రాడార్లు తిరుగుతూనే ఉన్నాయి.

పడవవాడు చేయగలిగింది ఒకటుంది. మూడు రేకుల్ని ఒకదానికొకటి నిలువుగా, గది మూలలాగా కలిపి కొయ్యకి కడితే, ఏ దిక్కునుంచి వచ్చిన తరంగాన్నయినా వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. సైకిల్ వెనక ఎర్రటి బిళ్ల లారీ లైట్లకి తళుక్కుమనేది ఈ కిటుకుతోనే. చిన్న పడవ తెరమీద పెద్ద చుక్కవుతుంది. సాబ్ విశాఖలో ఉన్నప్పుడు పాత రేకులు కత్తిరించి ఇలాంటివి చేసి తెలిసిన పడవలవాళ్లకి ఇచ్చేవారట. కొందరు కట్టుకున్నారు. కొందరు వాటిమీద చేపలు ఎండబెట్టుకున్నారు. 2024 ఆగస్టు నుంచి ఇస్రో పరిజ్ఞానంతో లక్ష చేపల పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలైందని నేను చెబితే, "మంచిదే. రేకు మాత్రం తీసెయ్యొద్దనండి" అన్నారు.

ఇక బిగించడం. మూడు సెంటీమీటర్ల రాడార్ తలకాయ నలభై కిలోలు అటూఇటూ ఉంటుంది, పది సెంటీమీటర్లది నూరు దాటుతుంది. రేవులోనో డాకులోనో క్రేన్‌తో ఎత్తుతారు. బద్దకి తాడు కట్టి ఎత్తకూడదు, వంగితే అంతే సంగతులు. ముందు కింది పెట్టె, అంటే మోటారు ఉన్నది. దానిమీద ముక్కు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఓడ ముక్కు కేసి చూడాలి. పెట్టె అల్యూమినియం, కింద పళ్లెం ఇనుము. ఉప్పుగాలిలో ఈ రెండూ ఒకదానికొకటి తగిలితే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది. అందుకని మధ్యలో రబ్బరు, ప్లాస్టిక్ వాషర్లు, స్టెయిన్‌లెస్ బోల్టులు. తర్వాత బోల్టు తలల మీద సీలెంటు. కేబులు లోపలికి వెళ్లే ముందు కిందికి ఓ వంపు తిప్పాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోవాలని. మన ఇంటి ముందు డిష్ బిగించే కుర్రాడు ఈ వంపు మరిచిపోతే టీవీలో నీళ్లొస్తాయే, అదే. మాగ్నెట్రాన్ దగ్గరికి చేతి గడియారం తీసుకెళ్లకూడదని పుస్తకంలో రాసుంటుంది. సాబ్ అది తన హెచ్ఎంటీ గడియారం పోయాక చదివారు.

అంతా అయ్యాక చీఫ్ ఆఫీసరు కలాసీలని పిలిచి స్తంభానికి రంగు వేయించేస్తాడు. అందులో బద్ద మొహానికి కూడా ఓ పూత! రాడార్ తరంగం బయటికొచ్చే మొహమది. లోహపు పొడి ఉన్న రంగు పడితే కంటికి నామం పెట్టినట్టే. "ఆ మొహం మీద 'రంగు వేయొద్దు' అని నేనే రంగుతో రాసిన రోజులున్నాయి" అన్నారు సాబ్. చెప్పొద్దూ, ఈ మాటకి మా బృందమంతా పక్కవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వింది.

చివరగా సరిచూడటం. ఎదురుగా కనపడే దీపస్తంభాన్నో బోయానో కంటితో చూసి, తెరమీద కూడా అదే దిక్కున ఉందా అని పోల్చుకోవాలి. రేవులో తిన్నటి జెట్టీ తెరమీద వంకరగా కనపడితే దూరం లెక్క తప్పిందని అర్థం. సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే 150 మీటర్లు తప్పు. కెప్టెన్ ఒడ్డు అక్కడుందనుకుంటాడు, ఒడ్డు ఇక్కడుంటుంది.

ఎండెక్కుతోంది. ఒక్కొక్కరే లేస్తున్నారు. నేను లేవలేదు. "కట్టేసి ఎక్కాలి అని ఆగిపోయారు" అన్నాను.

ఆయన ఫోను నా చేతిలో పెట్టేశారు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఓడ రేవు బయట లంగరేసి ఉంది. బద్ద తిరిగేటప్పుడు కీచుమంటోందని గ్రీజు డబ్బా పట్టుకుని ఎక్కారు. ఎక్కేముందు బ్రిడ్జిలో ఉన్న ఆఫీసరుకి చెప్పారు, రాడార్ ఆపి ఉంచమని. ఆయన సరేనన్నాడు. పన్నెండింటికి డ్యూటీ మారింది. దిగిపోయినాయన కొత్తాయనకి ఈ సంగతి చెప్పడం మరిచిపోయాడు. ఇంతలో వాన మబ్బొకటి కమ్ముకొచ్చింది. కొత్తాయన చేయాల్సిన పనే చేశాడు. చుట్టుపక్కల ఏముందో చూద్దామని రాడార్ వేశాడు.

"తల వెనక మోటారు మూలిగింది. ఏదో తెలిసినట్టు పళ్లెం మీద బోర్లా పడిపోయాను. అప్పటికే ఎడమ భుజానికి కొట్టింది. తర్వాత తలమీంచి పోతూనే ఉంది. రెండున్నర సెకన్లకోసారి. చేత్తో ఆపితే ఆగేది కాదు. అరిస్తే గాలి. ఎంతసేపున్నానో తెలీదు. సరంగు కింద వంటగది దగ్గర టీ తాగుతూ పైకి చూసి, కాళ్లు కనపడి, పరుగెత్తాడు."

భుజం చొక్కా కాస్త పక్కకి జరిపి చూపించారు. ఎముక దగ్గర చిన్న గుంట. మా ఆవిడకి రిటైరయ్యాకే చెప్పానన్నారు. ఆ రోజునుంచీ ఎక్కేముందు ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకునేవారట. అట్ట ముక్కమీద 'పైన మనిషి ఉన్నాడు' అని రాసి స్విచ్చుకి కట్టేవారు. ఓడ కూత కూడా ఆపించేవారు. స్తంభం మీద చెవి పక్కనే అది మోగితే ఉలిక్కిపడి చెయ్యి వదిలేస్తారని.

"ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడించండి" అన్నారు.

సాయంత్రం అక్కయ్యగారింట్లో కలిశాం. ఆవిడ సకినాలు పెట్టారు. మాటల్లో మన ఊరి సంగతులొచ్చాయి. తార్నాకకి పక్కనే నాచారంలోని బీఈఎల్‌లో యుద్ధనౌకల కోసం ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు తయారవుతాయి. ఎదుటివాళ్ల రాడార్లని దూరం నుంచే వినే చెవుల్లాంటివి. చాంద్రాయణగుట్టలోని డీఎల్ఆర్ఎల్ రూపొందించిన 'శక్తి' 2021 నవంబరులో నౌకాదళం చేతికొచ్చింది. అవి కూడా స్తంభాలెక్కాల్సినవే. అదే ఏడు సెప్టెంబరు 10న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ ధ్రువ్ నెత్తిన ఉన్న తెల్లటి పెద్ద గుండ్లలోవి క్షిపణుల్ని వెంటాడే రాడార్లు. దాన్ని కట్టింది వాళ్ల నాన్న పనిచేసిన షిప్‌యార్డే అని సాబ్ మరోసారి చెప్పారు. అక్కయ్యగారు ఇవన్నీ వింటూనే ఫోను కేసి చూస్తున్నారు.

ఎనిమిదింటికి మోగింది. ఓడ సింగపూర్ బయట లంగరేసి ఉందట. కుర్రాడికి సాబ్ ఎవరో నేను చెప్పాను. "నమస్తే సార్" అన్నాడు.

"బాబూ, ఫొటోలో కొక్కెం దేనికి తగిలించావు?"

"పైన రెయిలింగుకి సార్. ఫొటోలో రాలేదు."

"రాడార్ ఆపారా?"

"ఆపాం సార్. పర్మిట్ రాశాం. బ్రేకర్‌కి తాళం కూడా వేశాం, బోర్డు తగిలించాం."

సాబ్ మొహం విప్పారింది. అక్కయ్యగారు ఊపిరి తీసుకున్నారు.

"తాళంచెవి?"

"బ్రిడ్జిలో డ్యూటీ ఆఫీసరు దగ్గర ఇచ్చాను సార్."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడొక్కటే.

"డ్యూటీలో ఎవరున్నారన్నది నీకు అనవసరం" అన్నారు సాబ్ మెల్లగా. "ఆయన మంచివాడే అయ్యుంటాడు. పైనున్నది నువ్వు. చెవి నీ జేబులో ఉండాలి. నువ్వు కిందికి దిగాకే తాళం తీయాలి, నీ చేత్తోనే. ఇంకో చెవి ఉందేమో కూడా అడుగు."

"సరే సార్" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "ఇంకో చెవి ఉంది సార్" అన్నాడు.

"అదెక్కడుందో రేపు కనుక్కో."

ఇది జరిగి నాలుగు రోజులైంది. మొన్న గురువారం రాత్రి మెట్లెక్కుతుంటే అక్కయ్యగారు తలుపు తెరిచే ఉంచి ఫోనులో మాట్లాడుతున్నారు. "తిన్నవా బిడ్డా? ఏం కూర?" అయింది. తర్వాత గొంతు తగ్గించి అడుగుతున్నారు.

"గా రెండో తాళంచెవి దొరికిందా?"